అయస్కాంతం మన శరీరానికి ఏం చేస్తుంది?

"అయ్యా, ఈ కడెం తొడుక్కుంటే మోకాళ్ళ నొప్పులు పోతయంటున్నరు, నిజమేనా?" వర్ధన్నపేటలో వైద్యవృత్తి ప్రారంభించిన నాటినుండి నేను తరచుగా వింటున్న ప్రశ్న ఇది. కొందరు కడియం చూపిస్తారు, కొందరు నడుముపట్టీ చూపిస్తారు. అప్పు చేసి అయస్కాంతపు పరుపు కొన్నవారు కూడా ఉన్నారు. అయస్కాంతంపై ఉంచిన నీళ్ళు తాగితే రక్తపోటు తగ్గుతుందని నమ్మేవారికీ కొదువ లేదు. అందుచేత ఈ విషయాన్ని మొదటినుండి వివరించడం అవసరమని భావిస్తున్నాను.

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. 1990 దశకంలో నా చికిత్సాలయంలో కూడా రెండు అయస్కాంతాలు ఉండేవి. గుడ్డలో చుట్టి, నొప్పి ఉన్నచోట అరగంటసేపు ఉంచేవాడిని. చాలామంది హాయిగా ఉందని చెప్పేవారు. ఒకనాడు ఒక పత్తిరైతు మోకాలి నొప్పి సగానికి సగం తగ్గిందని సంతోషంగా లేచాడు. ఆయన వెళ్ళిన తరువాత మూట విప్పి చూస్తే అందులో అయస్కాంతం లేదు. దాదాపు అంతే బరువున్న మామూలు ఇనుపముక్కను నా సహాయకుడు పొరపాటున చుట్టి ఉంచాడు. ఆ రైతు అబద్ధం చెప్పలేదు, నొప్పి నిజంగానే తగ్గింది. తగ్గించినది మాత్రం అయస్కాంతం కాదు. అరగంట విశ్రాంతి, వైద్యుడు శ్రద్ధ చూపాడన్న తృప్తి, తగ్గుతుందన్న నమ్మకం కలిసి చేసిన పని అది.

ఆయుర్వేదంలో అయస్కాంతం

మన ప్రాచీనులకు అయస్కాంతం తెలియనిది కాదు. సుశ్రుతాచార్యుడు సూత్రస్థానం 27వ అధ్యాయంలో శరీరంలో గుచ్చుకున్న శల్యాలను తీసే 15 ఉపాయాలు చెప్పాడు. వాటిలో అయస్కాంతం ఒకటి. అయితే శల్యం ఎముకలోనో కండలోనో బిగుసుకొని ఉండకూడదు, దానికి ములికి చెవులు ఉండకూడదు, గాయం నోరు వెడల్పుగా ఉండాలి. అంటే అయస్కాంతం ఇనుమును లాగుతుంది, అది కూడా అడ్డులేనప్పుడే లాగుతుందని ఆయన స్పష్టంగా గుర్తించాడు. కంటిలో పడిన ఇనుపరజనును తీయడానికి నేటి నేత్రవైద్యులు కూడా అవసరాన్నిబట్టి ఇదే సూత్రాన్ని వాడుతున్నారు.

రసశాస్త్రంలో కాంతలోహాన్ని భ్రామకం, చుంబకం, కర్షకం, ద్రావకం, రోమకం అని ఐదు విధాలుగా విభజించారు. దాని భస్మాన్ని పాండురోగం వంటి వ్యాధులలో వాడతారు. ఇక్కడ గమనించవలసినది, పనిచేసేది అందులోని లోహమే గాని ఆకర్షణశక్తి కాదు. ఇనుమును 770 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడిచేస్తే ఆ వేడిలో అది అయస్కాంతగుణాన్ని కోల్పోతుంది. పుటం పెట్టిన మందు రక్తనాళాలలో అయస్కాంతంలా తిరుగుతుందనుకోవడం పొరపాటు. ఇటువంటి భస్మాలను వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడరాదు.

రక్తంలోని ఇనుమును అయస్కాంతం లాగదా?

అయస్కాంతాలు అమ్మేవారి ప్రధానవాదన ఇదే. పెద్దల శరీరంలో 3 నుండి 4 గ్రాముల ఇనుము ఉండే మాట నిజం. అందులో ఎక్కువభాగం హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. కాని అది మేకులోని ఇనుమువలె లోహరూపంలో ఉండదు. ఒక్కొక్క పరమాణువు విడివిడిగా పెద్ద అణువులో బంధింపబడి ఉంటుంది. ప్రాణవాయువు నిండిన హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం అతిస్వల్పంగా వికర్షిస్తుందనీ, ప్రాణవాయువును వదిలిన హిమోగ్లోబిన్‌ను అతిస్వల్పంగా ఆకర్షిస్తుందనీ 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కొరియెల్ నిరూపించారు. ఆ బలం ఎంత తక్కువంటే, గుండె నెట్టే రక్తప్రవాహం ముందు అది లెక్కలోకి రాదు.

దీనికి తిరుగులేని ఉదాహరణ ఎంఆర్‌ఐ యంత్రం. తెలుగునేలపై భూమి అయస్కాంతక్షేత్రం 40 మైక్రోటెస్లాలకు కొంచెం పైన ఉంటుంది. ఎంఆర్‌ఐలో సాధారణంగా 1.5 టెస్లాలు లేదా 3 టెస్లాలు ఉంటాయి. అంటే భూమి క్షేత్రానికి 30 వేల రెట్లకు పైమాటే. రక్తంలోని ఇనుమును అయస్కాంతం లాగేదే అయితే ఆ యంత్రంలోనుండి ఎవరూ ప్రాణాలతో బయటపడరు. కాని రోగులు లేచి, చెప్పులు తొడుక్కొని ఇంటికి వెళుతున్నారు. అంతటి యంత్రం చేయని పనిని, నాలుగు వేళ్ళ దూరంలోనే బలం తరిగిపోయే కడియం ఎలా చేస్తుంది?

ఉత్తరదిక్కున తల

ఉత్తరం వైపు తల పెట్టి పడుకోరాదన్నది మన ఆచారం. ఉత్తరదిశగా తల ఉంచి నిద్రిస్తున్న ఏనుగు శిరస్సును తెచ్చి వినాయకునికి అమర్చిన కథ అందరికీ తెలిసినదే. ఆచారాన్ని పాటించేవారిని నేను వారించను. అయితే భూమి అయస్కాంతశక్తి రక్తాన్ని మెదడుకు లాగుతుందన్న కారణం మాత్రం సరికాదు. ఎటు తిరిగి పడుకున్నా శరీరం చుట్టూ ఉండేది అదే బలహీనమైన క్షేత్రం.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఈ వివాదం కొత్తది కాదు. 18వ శతాబ్దంలో మెస్మర్ అనే వైద్యుడు ప్యారిస్‌లో అయస్కాంతశక్తి పేరుతో పేరుమోసిన చికిత్సలు చేశాడు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజియర్ ఉన్నారు. ఒక తోటలో ఒకే చెట్టుకు శక్తిని ఎక్కించి, 12 ఏళ్ళ బాలుని కళ్ళకు గంతలు కట్టి వేరే చెట్ల దగ్గరకు నడిపించారు. శక్తి ఎక్కించని నాలుగవ చెట్టు దగ్గరే ఆ బాలుడు సొమ్మసిల్లాడు. నా ఇనుపముక్క కథ కూడా ఇటువంటిదే.

మన కాలంలో జరిగిన పరీక్షలలో కొందరికి నిజమైన అయస్కాంతం, కొందరికి శక్తిలేని ముక్క ఇచ్చి చూశారు. 1997లో అమెరికాలో పోలియో అనంతర నొప్పులు ఉన్న 50 మందిపై జరిగిన పరీక్షలో ఉపశమనం కనిపించింది. 2000లో నడుమునొప్పిపై, 2003లో మడమనొప్పిపై జరిగిన పరీక్షలలో తేడా కనిపించలేదు. 2007లో ఇటువంటి పరీక్షలన్నింటినీ కలిపి పరిశీలించినవారు, నొప్పికి స్థిర అయస్కాంతాలను సిఫారసు చేయడానికి ఆధారం లేదని తేల్చారు.

ఐతే అయస్కాంతశక్తికి వైద్యంలో స్థానమే లేదనరాదు. వేగంగా మారే బలమైన అయస్కాంతక్షేత్రం శరీరంలో విద్యుత్తును పుట్టిస్తుంది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంటొనీ బార్కర్ బృందం ఈ పద్ధతితో మెదడును బయటినుండే ఉత్తేజపరచింది. 2008లో అమెరికా దీనిని, మందులకు లొంగని మానసిక కుంగుబాటుకు చికిత్సగా అనుమతించింది. అతుక్కోని ఎముకలకు కూడా ఇటువంటి స్పందన క్షేత్రాలను వాడుతున్నారు. ఇవి వైద్యయంత్రాలు. వీటి పేరు చెప్పి కడియం అమ్మడం, పిడుగును చూపి అగ్గిపుల్ల అమ్మడం వంటిది.

ఎవరు జాగ్రత్త పడాలి?

1. గుండెలో పేస్‌మేకరు ఉన్నవారు అయస్కాంతపు పట్టీలను, పరుపులను వాడరాదు. సెల్‌ఫోనును చొక్కాజేబులో కాక, యంత్రానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి.

2. ఆటబొమ్మలలోని చిన్న అయస్కాంతాలను పిల్లలకు అందనీయరాదు. రెండు మింగితే అవి పేగుల మడతల మధ్య ఒకదానినొకటి పట్టుకొని పేగుకు రంధ్రం చేస్తాయి. మింగినట్లు అనుమానం కలిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

3. శరీరంలో లోహపుముక్కలు, క్లిప్పులు ఉన్నవారు ఎంఆర్‌ఐకి ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి.

అసలు ప్రమాదం

కడియం తనంతట తాను హాని చేయకపోవచ్చు. దానిని నమ్మి మందు మానడమే హాని. మా మండలంలోని ఒక వృద్ధురాలు తలనొప్పి, కళ్ళు తిరగడంతో వచ్చింది. రక్తపోటు చూస్తే 210/120. మాత్రలు వేసుకుంటున్నావా అవ్వా అని అడిగితే, చెయ్యి చూపించి "గోలీలు ఇంకెందుకు బిడ్డా, కడెం ఉన్నది గద" అన్నది. రెండు నెలలుగా మందు మానేసింది. వెంటనే వరంగల్లు పెద్దాసుపత్రికి పంపించాను. సమయానికి చేరింది కనుక పక్షవాతం రాకుండా బయటపడింది. మధుమేహం, రక్తపోటు, హృద్రోగం వంటివాటిని నయం చేస్తామని మందులకు, మహిమగల వస్తువులకు ప్రకటనలివ్వడాన్ని 1954నాటి చట్టం నిషేధించింది. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

మోకాళ్ళ నొప్పికి ఇంట్లో చేయదగినవి

ఆముదాన్ని గోరువెచ్చగా చేసి మోకాలికి మృదువుగా మర్దన చేయాలి. తరువాత వావిలాకును వేడిచేసి గుడ్డలో మూటకట్టి పదినిమిషాలు కాపడం పెట్టాలి. వావిలాకు దొరకనిచోట ఇసుకమూట చాలు. కీలు ఎర్రగా వాచి వేడిగా ఉంటే కాపడం పెట్టరాదు. మధుమేహంవల్ల కాళ్ళకు స్పర్శ తగ్గినవారు వేడి ఎంత ఉన్నదీ ఇంకొకరిచేత చూపించుకోవాలి.

కుర్చీలో కూర్చొని కాలు ముందుకు చాచి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించాలి. ఇలా ఒక్కొక్క కాలికి పదిసార్లు, రోజుకు రెండుపూటలా చేయాలి. తొడకండరం బలపడితే మోకాలిపై భారం తగ్గుతుంది. అధికబరువు ఉన్నవారు తగ్గించుకోవాలి. ఇందులో ఏదీ ఖరీదైనది కాదు.

ఆ వృద్ధురాలు నేటికీ కడియం తీయలేదు. తీయమని నేనూ అనలేదు. రోజూ ఉదయం మాత్ర వేసుకుంటున్నదా లేదా అన్నది మాత్రం తప్పక అడుగుతాను. కడియం నమ్మేవారు మీ ఇంట్లో ఉంటే మీరు కూడా ఆ ప్రశ్నే అడగండి.