గీసేది దుమ్ము కాదు, మన చేతిలోని గుడ్డే!

సులైలో రాత్రి కారు బయట నిలిపితే తెల్లారేసరికి బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు. అంత దుమ్ము! డ్యూటీ టైమవుతోందని మనవాళ్లు చేతికందిన గుడ్డతో గబగబా తుడిచేస్తారు. బండి మెరుస్తుంది. ఎండ పడ్డాక చూస్తే పెయింటంతా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న ముందుగా వచ్చేది డ్రైవరు మీదికో, కడిగే కుర్రాడి మీదికో. జీతంలో కోత పడితే ఆ నెల ఇంటికి పంపే డబ్బు తగ్గుతుంది.

కారు రంగు పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లే. తల వెంట్రుక కంటే పలుచన. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ రేణువులు గాజును కూడా గీస్తాయి. పొడిగుడ్డతో తుడిస్తే ఆ రేణువుల్ని మనమే పెయింట్ మీద రుద్దినట్టు.

అందుకే ముందు నీళ్లు, తర్వాతే చెయ్యి. దుమ్ము జారిపోయేదాకా పైనుంచి నీళ్లు పోయాలి. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో మంచినీళ్లు. గుడ్డను షాంపూలో ముంచే ముందు ప్రతిసారీ మంచినీళ్లలో జాడించాలి. టాపు నుంచి కిందికి రావాలి. గుండ్రంగా తిప్పకుండా నిలువుగా తుడవాలి. చక్రాలకు వేరే గుడ్డ. మైక్రోఫైబర్ గుడ్డ మంచిది. అది నేలమీద పడితే ఉతికేదాకా వాడొద్దు. గిన్నెలు తోమే సబ్బు మైనాన్ని కడిగేస్తుంది, వద్దు.

కడగడం నీడలోనే. కాలిన రేకు మీద షాంపూ ఎండి మరకలు కడుతుంది. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించడాన్ని ఇక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఆ వేళ బండికీ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు. 2009 మార్చి 10న రియాద్‌ను కమ్మేసిన లాంటి ఇసుక తుపాను వస్తే, నీళ్లు దొరికేదాకా పెయింట్ జోలికి పోవద్దు. అద్దాలు మాత్రం తడిపి తుడుచుకుంటే చాలు.

ఇక పడ్డ గీత సంగతి. గోటితో అడ్డంగా నెమ్మదిగా తాకి చూడండి. గోరు తట్టుకోకపోతే పాలిష్‌తో పోయే అవకాశం ఉంది. తట్టుకుంటే గీత లోతైనది, పెయింటరుకే చూపించాలి. బండి కడిగి ఆరబెట్టి, సన్నరకం పాలిష్‌ను ముందు జానెడు చోట వాడి చూడాలి. పోకపోతేనే రబ్బింగ్ కాంపౌండ్. చివర్లో మైనం. ప్రతి పాలిష్‌కూ పై పొర కొంత అరుగుతుంది, కాబట్టి మాటిమాటికీ వద్దు. అనుభవం లేకుండా వేగంగా తిరిగే మెషీన్ పట్టుకుంటే అంచుల దగ్గర రంగే లేచిపోతుంది.

అన్నీ జాగ్రత్తగా చేసినా నింద రావచ్చు. బండి అప్పగించగానే నాలుగు వైపులా ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. పాత గీతలుంటే అప్పుడే చూపించండి. సౌదీ కార్మిక చట్టం 91వ నిబంధన ప్రకారం, కంపెనీ వస్తువు కార్మికుడి తప్పు వల్లే పాడైతేనే రిపేరు ఖర్చు కోయాలి. అదీ నెలకు ఐదు రోజుల జీతం మించకూడదు. 1200 రియాళ్ల జీతగాడికి నెలకు 200 రియాళ్లు దాటకూడదన్నమాట. మించి కోస్తే కార్మిక శాఖకు ఫిర్యాదు చేసే హక్కుంది, ఫోన్ నంబరు 19911. ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకు మాత్రం నియమాలు వేరు.

రేపు పొద్దున బండి దగ్గరికి వెళ్లినప్పుడు గుడ్డ కంటే ముందు బకెట్ అందుకోండి. పది నిమిషాలు ఎక్కువ పడితే పడనీ, జీతం పూర్తిగా చేతికొస్తుంది.