మూత్రపిండములలో రాళ్ళు: కరుగునవి, కరుగనివి

అనకాపల్లి ప్రాంతమున బెల్లము వండు పొయ్యిల ముందు పనిచేయువారు చెమట రూపమున చాలా నీరు కోల్పోవుదురు. నీరు తగ్గినచో మూత్రము చిక్కబడి, అందలి లవణములు స్ఫటికములై, క్రమముగా రాయిగా పెరుగును. దీనినే సుశ్రుతుడు ‘అశ్మరి’ యని పేర్కొని, నాలుగు విధములుగా వర్ణించెను.

పల్లేరు, కొండపిండి, ఉలవల కషాయములు రాళ్ళను కరిగించునని ప్రతీతి. ప్రభుత్వ ఉపకార వేతనములతో పిహెచ్.డి. చేయు పరిశోధకులు కాల్షియం ఆక్సలేటు స్ఫటికములను ప్రయోగశాలలో పెంచి, మూలికల రసములతో పరీక్షించిరి. కొన్ని రసములు స్ఫటికముల పెరుగుదలను అరికట్టినవి. అయినను గాజుపాత్రలో జరిగినది దేహమునందును జరుగునని నిశ్చయింపరాదు. యూరిక్ ఆమ్లపు రాళ్ళు, వైద్యుడు మందులతో మూత్రపు ఆమ్లత్వమును తగ్గించినచో, కరుగును. ఎక్కువ మందిలో కనిపించు కాల్షియం ఆక్సలేటు రాళ్ళు అట్లు కరుగవు. చిన్నవైనచో మూత్రముతో వెలువడును.

కషాయము త్రాగగా నొప్పి తగ్గినంత మాత్రమున రాయి పోయినదని తలంపరాదు. అది నాళమున నిలిచి, నొప్పి లేకయే మూత్రపిండమును చెడగొట్టవచ్చును. కనుక స్కానింగు అవసరము. నొప్పితో చలిజ్వరము వచ్చినను, మూత్రము ఆగిపోయినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

నివారణకు నీరే ప్రధానము. 1996లో ఇటలీ పరిశోధకులు ప్రకటించిన ఫలితములలో, ఐదేళ్ళ కాలమున మరల రాయి ఏర్పడినవారు నీరు సమృద్ధిగా త్రాగినవారిలో 12 శాతము, తక్కినవారిలో 27 శాతము. నీటి మితి విధింపబడని వారందరును రోజుకు రెండు లీటర్ల మూత్రము వెలువడునంత నీరు త్రాగవలెను.