క్రొత్త పాటల సంపుటమును, దేశసంచారమును

'హెవీ మెటల్' అను సంగీతము పేరు విన్నంతనే మన పెద్దలలో పలువురు చెవులు మూసికొందురు. విద్యుచ్ఛక్తిచే నాదము పెంచబడిన గిటారులును, వడిగా మ్రోగు డ్రమ్ములును, వానిని మించి వినబడవలసిన గాయకుని కంఠమును గలసి యీ సంగీతమగుచున్నది. రొద యనుట యబద్ధము గాదు. కాని యోపికతో నాలకించినచో నందు తాళనియమమును, కథయు గలవు. ఈ తెగలో మిక్కిలి పేరుగన్న 'ఐరన్ మెయిడెన్' బృందమును 1975లో లండను నగరమున స్టీవ్ హారిస్ అను వాద్యకుడు స్థాపించెను. వారు 2016లో జరిపిన సంచారమునుగూర్చి యిచ్చట వ్రాయదలచితిని.

ఇట్టి బృందములు కొన్ని పాటలను గూర్చి 'ఆల్బము' అను పేర నొక సంపుటముగా వెలువరించి, పిమ్మట నూరూర కచేరీలు చేయుదురు. పూర్వము కచేరీ యనునది ఆల్బము అమ్ముడుపోవుటకు ప్రకటన వంటిది. ఇంటర్నెట్టుద్వారా పాటలు సులభముగ లభించుచున్న యీ దినములలో నది తలక్రిందులై, కచేరీ టిక్కెట్టులే ముఖ్యాదాయమైనవి. ఇందొక చిక్కు గలదు. సభకు వచ్చువారు ప్రాతపాటలు కోరుదురు. పాడువారికో క్రొత్తవానిపై మక్కువ. ఈ సంచారారంభమున పాడిన పదునైదు పాటలలో ఆరు క్రొత్తవి. అది ధైర్యమే యని నా తలంపు.

ఆ క్రొత్త ఆల్బము పేరు 'ద బుక్ ఆఫ్ సోల్స్'. 2014లో ప్యారిసు నగరమున దీనిని ముద్రించిరి. పదునొకండు పాటలు, 92 నిమిషములు. వానిలో కడపటిది పదునెనిమిది నిమిషముల పాట. 1930 అక్టోబరులో కరాచీకి బయలుదేరి, ఫ్రాన్సు దేశమున కూలి 48 మందిని బలిగొన్న ఆర్ 101 అను ఆకాశనౌక కథ యది. దీనిని గాయకుడు బ్రూస్ డికిన్సన్ రచించెను.

ముద్రణ ముగిసిన పిమ్మట, 2014 క్రిస్మసుకు ముందు, ఆ డికిన్సన్ నాలుక వెనుక భాగమున చిన్న క్యాన్సరు కణితి యున్నట్లు వైద్యులు కనుగొనిరి. అనగా ఆ పాటలన్నియు నతడు కణితితోనే, యెరుగక పాడినాడన్నమాట! ఏడు వారములు కిరణచికిత్సయు ఔషధచికిత్సయు జరిగెను. 2015 మే నెలలో వ్యాధి తొలగినదని వైద్యులు చెప్పిరి. అయినను కంఠము పూర్వపు బలమును పొందుటకు కాలము పట్టును గదా! ఆల్బమును సెప్టెంబరు 4వ తేదీన వెలువరించి, సంచారమును మాత్రము మరుసటి యేటికి నిలిపిరి. బిగ్గరగా పాడుటయే వృత్తియైన వాని గొంతు మరల పలుకునో లేదో యని యభిమానులు ఆ నెలలన్నియు నెదురుచూచిరి.

2016 ఫిబ్రవరి 24వ తేదీన అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున తొలి కచేరీ జరిగెను. ప్రాచీన మాయా జాతివారి దేవాలయమును బోలిన రంగస్థలముపై, పొగలు గ్రక్కు కొప్పెరపై వంగి, డికిన్సన్ క్రొత్త ఆల్బములోని మొదటి పాటనే యెత్తుకొనెను. కంఠము నిలిచినది.

ఈ గాయకుడు విమానచోదకుడు కూడ. మునుపు ప్రయాణికుల విమానములు నడిపినవాడు. ఈ సంచారమునకై బోయింగ్ 747 నడుపుటకును శిక్షణ పొందెను. పూర్వపు సంచారములలో వాడిన 757 విమానమున సామాను పట్టించుటకు లోపలి యమరికను మార్చవలసి వచ్చెడిది. 747 కడుపు పెద్దది. వాద్యములు, దీపములు, రంగస్థలపు సామగ్రి, మనుష్యులు, అందరును ఒక్కటిగా పోవచ్చును. వారు మొట్టమొదటిసారి చీనా దేశమున పాడినదియు నీ సంచారముననే.

అయితే మార్చి 12వ తేదీన చిలీ దేశపు శాంటియాగో విమానాశ్రయమున, ఇంధనము నింపుటకై విమానమును లాగుకొని పోవుచుండగా నొక కీలు ఊడెను. విమానము తన్ను లాగుచున్న బండినే ఢీకొని, రెండు ఇంజనులు చెడిపోయెను. బండితోనున్న యిద్దరు పనివారు గాయపడి ఆసుపత్రికి చేర్పబడిరి. వార్తలలో విమానపు నష్టమే యెక్కువగా వచ్చినది; నాకు మాత్రము ఆ యిద్దరే జ్ఞప్తికి వచ్చుచుందురు. పాట వినువారికి ఇట్టి పనివారు కనబడరు.

మరునాడే అర్జెంటీనాలోని కార్డొబా నగరమున కచేరీ. టన్నులకొలది సామాను ఇతర విమానములలోనికి మార్చి, రాత్రికి రాత్రి పర్వతములు దాటించిరి. చెప్పిన దినముననే పాట వినబడెను. ఆ నెలలోనే క్రొత్త ఇంజనులు తగిలించుకొని, పెద్ద విమానము బ్రెజిలు దేశమున బృందమును కలిసికొనెను.