మందారకు పిండినల్లి పట్టిందా? మందు కొట్టే ముందు చీమల్ని చూడండి

మా గరివిడి వీధిలో ఏ పెరట్లో చూసినా ఒక మందార చెట్టు ఉంటుంది. పూలు దేవుడికి, ఆకులు తలకి. ఎండలు ముదిరేసరికి ఆ చెట్టుకే కొమ్మల చివర్లు ముడుచుకుపోయి, తెల్లటి దూదిలాంటిది పట్టేస్తుంది. అదే పిండినల్లి. వీడియోలో దగ్గర నుంచి చూపించాను, చూడండి.

మొన్న పక్కింటి పిన్ని అడిగింది: "ఏటమ్మా, సున్నం జల్లినట్టు అయిపోనాది. పీకేద్దునా, పత్తి మందు కొట్టించీద్దునా?" రెండూ వద్దు పిన్నీ అన్నాను. ఆ ఆకులే రుబ్బి పిల్లల తలకి పెడతాం, ఆ పూలే కొబ్బరి నూనెలో కాస్తాం. కొన్ని మందులు మొక్క లోపలికి ఇంకిపోతాయి, కడిగినా పోవు. కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించిన మోనోక్రోటోఫాస్ అలాంటిదే.

చీమలే కాపలాదారులు

పిండినల్లి రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ తీపి కోసం చీమలు వస్తాయి. నల్లిని తినే పురుగుల్ని తరిమేస్తాయి. ఆ జిగురు మీదే ఆకులకు నల్లటి మసి పడుతుంది. అందుకే ముందు చీమల దారి మూసేయాలి. కాండానికి గుడ్డ పీలిక చుట్టి ఆముదం రాయండి. ఆరిపోతే మళ్ళీ రాయాలి. గోడకు, పక్క చెట్టుకు తగిలే కొమ్మలు కత్తిరించండి. లేకపోతే చీమలు అటు నుంచి ఎక్కేస్తాయి.

అన్ని తెల్ల పురుగులూ శత్రువులు కావు

నల్లి గుంపులో చురుగ్గా పాకే పెద్ద తెల్ల పురుగు కనిపిస్తే చంపకండి. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. నల్లి 3 మిల్లీమీటర్లు ఉంటే, ఇది 1 సెంటీమీటరు దాటి పెరుగుతుంది. ఒంటినిండా తెల్లటి మైనపు పోగులు ఉంటాయి. పెద్దదయ్యాక రెక్కలు నల్లగా, తల నారింజ రంగులో ఉంటుంది.

కరీబియన్ దీవి గ్రెనడాలో 1994లో గులాబీ రంగు మందార పిండినల్లి బయటపడింది. చివరికి ఈ అక్షింతల పురుగునీ, నల్లిలో గుడ్లు పెట్టే సన్న కందిరీగనీ వదిలాకే అదుపులోకి వచ్చింది.

శుభ్రం చేసే పద్ధతి

1. ముడుచుకున్న చివర్లు కత్తిరించి, సంచిలో మూట కట్టి ఎండలో పడేయండి. గోడ అవతలికి విసరకండి.
2. పైపు నీళ్ళు గట్టిగా కొట్టండి, ఆకు అడుగున కూడా. మిగిలినవి పాత బ్రష్‌తో తీసేయండి.
3. ఇంకా ఉంటే లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేప నూనె, కొంచెం కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ముందు ఒక కొమ్మ మీద చూడండి. వారానికోసారి, మూడు సార్లు. అక్షింతల పురుగులున్న కొమ్మల జోలికి పోకండి.

నేల బాగుంటే సగం పని అయినట్టే

యూరియా ఎక్కువైతే చిగుళ్ళు మెత్తగా వస్తాయి, నల్లికి అవే ఇష్టం. 10 లీటర్ల నీళ్ళలో అర కిలో ఆవు పేడ, అర లీటరు మూత్రం, 100 గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి, రోజూ రెండు పూటలా తిప్పండి. రెండు రోజులకు జీవామృతం తయారు. పదింతల నీళ్ళు కలిపి 15 రోజులకోసారి మొదట్లో పోస్తే చాలు.

మొగ్గలు రాలుతున్నాయా? ఒకరోజు ఎండబెట్టి, మరో రోజు ముంచెత్తితే రాలతాయి. వేలు పెట్టి చూసి, పై మట్టి ఆరితేనే నీళ్ళు పోయండి. మొదట్లో ఎండుటాకులు పరవండి. రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి.

ఇంకో మాట. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నార కోసం వేసే గోగు, మనం తినే గోంగూర, ఈ మందార, అన్నీ ఒకే జాతి. బెండ కూడా దగ్గర చుట్టమే. మందార మీద వదిలేసిన నల్లి రేపు బెండ మడిలోకీ, గోగు చేలోకీ పాకుతుంది. కాబట్టి మందార శుభ్రం చేసిన రోజే మీ గోంగూర మడి, బెండ వరుసల్లో ఆకులు తిప్పి చూడండి. ఒకటి రెండు నల్లులు ఉన్నప్పుడు వేలితో నలిపేస్తే సరిపోతుంది.