బఠాణీ గింజంత గ్రంథి

కోల్‌కతాకు నైరుతిన, హుగ్లీ నది ఒడ్డున ఉన్నది బడ్జ్ బడ్జ్. జనపనార మిల్లులు, చమురు డిపోలు ఆ పట్టణపు ఆనవాళ్ళు. హుగ్లీ తీరపు మిల్లులలో పనికై ఒకప్పుడు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు వలసపోయాయి. అటువంటి ఒక ఇంట, తల్లి ఏటా సంక్రాంతినాడు గోడమీద బొగ్గుతో బిడ్డ ఎత్తు గుర్తు పెడుతున్నదనుకుందాం. ఐదవ ఏటి గీతకూ, ఆరవ ఏటి గీతకూ నడుమ రెండు వేళ్ళ సందు కూడ లేదు. "పొట్టి వంశం లెండి" అని ఇరుగుపొరుగువారు సర్దిచెబుతారు. కాని నాలుగేండ్లు దాటిన బిడ్డ ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లైనా పెరగకపోతే వైద్యునికి చూపవలసిందే.

ఆహారలోపం, థైరాయిడ్ లోపం వంటి కారణాలు కావని తేలి, రక్తపరీక్షలలో పెరుగుదల హార్మోను తక్కువని రుజువైతే, ఎమ్మారై పరీక్ష వ్రాస్తారు. మెదడు అడుగున, జీను ఆకారపు ఎముక గుంటలో బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దాని ముందుభాగం ఈ హార్మోనును తయారుచేస్తుంది. వెనుకభాగం చిత్రంలో తెల్లని చుక్కగా మెరుస్తుంది. కొందరు పిల్లలలో ఆ చుక్క స్వస్థానంలో ఉండక పైన నిలిచిపోతుంది. కాడ సన్నబడుతుంది, లేదా తెగినట్లు కనబడుతుంది. ముందుభాగం చిన్నదై ఉంటుంది. ఈ లక్షణాలు ఏ సూదిమందూ లేకుండానే చాలవరకు కనబడతాయి.

మరి నరంలోకి ఎక్కించే గాడోలినియం మందు ఎందుకు? కాడ స్పష్టంగా తెలియడానికి, కణితినో వాపునో పట్టుకోవడానికి. అమెరికాలో 1988లో అనుమతి పొందిన ఈ మందు ఎందరికో మేలు చేసింది. అయితే మూత్రపిండాలు చెడినవారిలో చర్మం గట్టిపడే వ్యాధికి దీనితో సంబంధమున్నదని 2006లో బయటపడింది. పలుమార్లు మందు తీసుకున్నవారి మెదడులో దాని జాడ మిగులుతున్నదని 2014లో జపాను వైద్యులు ప్రకటించారు. మూత్రపిండాలు బాగున్నవారికి ఆ జాడవల్ల హాని కలిగినట్లు రుజువు కాలేదు. అయినా 2017లో ఐరోపా కొన్ని రకాలను నిలిపివేసింది.

వైద్యచరిత్రలో ఇటువంటి పునర్విచారణ క్రొత్త కాదు. 1958 నుండి పొట్టి పిల్లలకు మృతుల పిట్యూటరీ గ్రంథులనుండి తీసిన హార్మోను ఇచ్చారు. దానివల్ల కొందరికి మెదడును తినివేసే వ్యాధి సోకిందని 1985లో తెలియగా, ప్రయోగశాలలో తయారైన హార్మోను దాని స్థానాన్ని ఆక్రమించింది.

కనుక తల్లిదండ్రులు భయపడనక్కరలేదు; అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "మా బిడ్డకు ఈ మందు అవసరమా?" తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం, అతిమూత్రం ఉంటే, లేదా సాదా చిత్రంలో అనుమానం తోస్తే, మందును కాదనడమే ప్రమాదం. అవేవీ లేనప్పుడు సాదా చిత్రమే చాలునేమో వైద్యునితో ఆలోచించవచ్చు.

సకాలంలో చికిత్స దొరికితే, వచ్చే సంక్రాంతికి గోడమీది గీత మరికాస్త పైకి జరుగుతుంది.