ఆవకాయ సరే.. టీకాల చీటీ ఏదీ?

పిల్లవాడు అమెరికా చదువుకు వెళుతున్నాడంటే తెనాలి, పొన్నూరు వైపు పల్లెల్లో ఇల్లంతా సందడే. పెట్టెకు 23 కిలోలు. ఆవకాయ ఎంత, గోంగూర ఎంత, సున్నుండలు ఎన్ని అని కాటా పెట్టి మరీ తూస్తారు. అమ్మమ్మ తెచ్చిన కారప్పొడికి చోటు చాలకపోతే దుప్పటి తీసి పక్కన పెడతారు. ఇంత హడావుడిలో కుర్రవాడికి చిన్నప్పుడు వేయించిన టీకాల చీటీ ఏమైందో ఎవరికీ గుర్తుండదు. ఎలుకలు కొట్టాయో, ఇల్లు కట్టేటప్పుడు పాత కాగితాలతో పోయిందో!

ఆ చీటీతోనే అక్కడ మొదటి పని పడుతుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎం.ఎం.ఆర్. టీకా రెండు డోసులు పడినట్టు అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు రుజువు అడుగుతాయి. లేకుంటే కోర్సుల నమోదు ఆపేసేవీ ఉన్నాయి. మన పల్లె పిల్లలకు చిక్కు ఇక్కడే వస్తోంది. ఇప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వాళ్లు చంటిపిల్లలుగా ఉన్నప్పుడు ప్రభుత్వం వేసే టీకాల్లో సాధారణంగా తట్టు ఒక్కటే ఉండేది. 2017లో బడులకు వచ్చి వేసినది తట్టు, రుబెల్లా టీకా. గవదబిళ్లలది అందులో లేదు. "మావాడికి అన్నీ వేయించాం" అని తల్లి చెప్పేది నిజమే, కానీ అక్కడివారు అడిగేది మాత్రం పడలేదు.

ఈ రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. విమానం టిక్కెట్టు కొన్నాక పరుగెత్తితే కుదరదు. రెండు, మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. వేసిన తేదీ, డాక్టరు సంతకం, ముద్ర ఉన్న కాగితం ఇంగ్లీషులో తీసుకోవాలి. నెల పేరు అక్షరాల్లో రాయించడం మంచిది. 5-8 అంటే మనకు ఆగస్టు 5, అమెరికా వారికి మే 8!

క్షయ పరీక్ష మరో గండం. మనవాళ్లకు పుట్టగానే బి.సి.జి. టీకా వేస్తారు. దాని వల్ల చేతి చర్మానికి సూదివేసి చేసే పరీక్షలో కొందరికి వాపు వస్తుంది. దాంతో టీబీ అంటగట్టారని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తడం, సంబంధాలు తప్పిపోతాయని నోరు మూసుకోవడం! రక్తం తీసి చేసే 'ఇగ్రా' పరీక్షకు బి.సి.జి.తో పేచీ లేదు. ఏది ఒప్పుకుంటారో విశ్వవిద్యాలయాన్ని ముందే అడగాలి. ఇగ్రాలో ఉందని తేలినా, క్రిమి ఒంట్లో చేరిందనే గాని జబ్బు ముదిరిందని కాదు. ఛాతీ ఎక్స్‌రే తీసి డాక్టరే చెబుతారు. ఎం.ఎం.ఆర్. వేయించుకున్న రోజే ఈ పరీక్షకు వెళ్లాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి. మధ్యలో చేయిస్తే ఫలితం తప్పవచ్చు.

బ్రిటన్ తీరు వేరు. ఆరు నెలలు దాటి ఉండేవారు ఆ ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే క్షయ పరీక్ష చేయించుకుంటేనే వీసా. వైద్యానికి విద్యార్థులు ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలని 2024 ఫిబ్రవరిలో నిర్ణయించారు. కట్టినవారు అక్కడికి చేరగానే దగ్గరి డాక్టరు వద్ద పేరు రాయించుకోవాలి. జ్వరం వచ్చాక చూద్దామనుకునే వారే ఎక్కువ.

అమెరికాలో బీమాయే దిక్కు. 108కు ఫోను చేస్తే పైసా లేకుండా వ్యాను వచ్చే ఊరి పిల్లవాడికి, 911కు ఫోను చేస్తే వచ్చే ఆంబులెన్సు బిల్లు కూడా పంపుతుందంటే నమ్మబుద్ధి కాదు. బీమా ఉన్నా ముందు కొంత సొమ్ము చేతి నుంచి పెట్టుకోవాలి. ఏ ఆసుపత్రికి వెళితే బీమా చెల్లుతుందో చూసుకోవాలి. చిన్నాచితకా జబ్బులకు విశ్వవిద్యాలయంలోని ఆరోగ్య కేంద్రమే మేలు. పళ్లకూ కళ్లకూ చాలా పాలసీలు వర్తించవు. పుచ్చుపన్ను ఉంటే తెనాలిలోనే పూడ్పించుకుని, రెండో కళ్లజోడు కూడా చేయించుకుని వెళ్లాలి.

ఉబ్బసం, థైరాయిడ్ వంటివి ఉన్నవారు మూడు నెలల మందులు డాక్టరు చీటీతో, వచ్చిన అట్టపెట్టెల్లోనే తీసుకెళ్లాలి. చీటీ మీద కంపెనీ పేరు కాక మందు అసలు పేరు ఉండాలి. మన పారాసిటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. తెలియక రెండూ కలిపి మింగితే కాలేయానికి ముప్పు.

ఇక కాగితాలకు అందని సంగతి ఒకటుంది. ఎకరం తాకట్టు పెట్టి పంపిన తండ్రికి కడుపునొప్పి అని చెప్పడానికి కొడుక్కి నోరు రాదు. బిల్లుకు భయపడి ఆసుపత్రికీ పోడు. ఉత్తరాది రాష్ట్రాల్లో డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. బయట మంచు, గదిలో ఒంటరితనం. ఇంటి నుంచి ఫోను వస్తే మొదటి ప్రశ్న "తిన్నావా", రెండోది "ఉద్యోగం ఏమైంది". నిద్రపడుతోందా అని అడిగేవారు తక్కువ. విశ్వవిద్యాలయాల్లో మనసు విప్పి చెప్పుకోవడానికి సలహాదారులు ఉంటారు. ప్రాణం తీసుకోవాలన్నంత దిగులు కమ్మినప్పుడు చేయడానికి 988 నెంబరు 2022 జులై నుంచి దేశమంతటా పనిచేస్తోంది. 911తో పాటు దీన్నీ ఫోనులో రాసుకునే విమానం ఎక్కాలి.

పద్దెనిమిదేళ్లు దాటినవారి వైద్య వివరాలు వారి అనుమతి లేనిదే కన్నవారికైనా సాధారణంగా చెప్పరు. ఆసుపత్రికి ఫోను చేసి "నేను వాడి నాన్నను" అన్నా లాభం లేదు. అందుకే పిల్లవాడితో ఒకే గదిలో ఉండేవారి ఫోను నెంబర్లు రెండు తీసుకుని, గోడమీది క్యాలెండరులో పాల లెక్క పక్కన రాసి పెట్టుకున్నవారూ ఉన్నారు.