మెరైన్ డ్రైవ్ ఉంది, సముద్రమే లేదు

రాయ్‌పూర్‌లాంటి చెరువుల ఊరి జంట వీపున సంచి వేసుకుని శ్రీలంక తీరంలో అలలెక్కి రావచ్చు. కాకపోతే బయల్దేరే ముందే నీటితో తేల్చుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి

రాయ్‌పూర్‌లో మెరైన్ డ్రైవ్ ఉంది. ముంబైలో మాదిరిగానే సాయంత్రమైతే జనం, చాట్ బండ్లు, చేయీచేయీ పట్టుకుని నడిచే కొత్త దంపతులు. తేడా ఒక్కటే. ఇక్కడ గట్టుకు అవతల ఉన్నది అరేబియా సముద్రం కాదు, తేలీబాంధా చెరువు. ఛత్తీస్‌గఢ్ రాజధానికి చెరువుల ఊరన్న పేరు పాతదే. ఈత వచ్చినవాళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు. కానీ వాళ్లకు తెలిసింది కదలని నీరు. బూఢా తాలాబ్‌ను అటునుంచి ఇటు ఈదగలిగినవాడు కూడా నడుము లోతు సముద్రంలో ఒక్క అలకు పల్టీ కొడతాడు. సర్ఫింగ్ సరదా పుట్టిన రాయ్‌పూర్ జంటకు మొదటి చిక్కు అక్కడే.

ఇక్కడి తెలుగువారికి సముద్రం మరీ పరాయిదేం కాదు. చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విజయనగరం వైపే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో కొందరు, భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చాక మరికొందరు ఇటు చేరారు. రాయ్‌పూర్-విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయిందే మధ్య పరగణాల సరుకును విశాఖ రేవుకు చేర్చడం కోసం. రెండేళ్ల తర్వాత, 1933లో రేవు తెరిచారు. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్-విశాఖ వందే భారత్ మొదలయ్యాక ప్రయాణం దాదాపు ఎనిమిది గంటలకు తగ్గింది. అయినా ఈ కుటుంబాల జ్ఞాపకాల్లో సముద్రమంటే పుణ్యస్నానం, అస్థికల నిమజ్జనం, రామకృష్ణా బీచ్‌లో మరమరాలు, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగిన ఫోటో. మోకాలి లోతు దాటితే ఒడ్డు నుంచి పెద్దవాళ్ల కేకలు.

ఆ కేకల్లో అర్థముంది. విశాఖ తీరంలో చాలాచోట్ల ఒడ్డు ఏటవాలుగా లోతుకు దిగిపోతుంది. అల దూరంలో విరిగి నురగగా మారి మెల్లగా రావాల్సింది పోయి, కాళ్ల దగ్గరే విరుచుకుపడుతుంది. దానికి తోడు వెనక్కి లాగే ప్రవాహాలు. రామకృష్ణా బీచ్‌లో మునిగిపోయినవారి వార్తలు పత్రికల్లో ఏటా వస్తూనే ఉంటాయి. రుషికొండ దగ్గర బోర్డు పట్టుకుని దిగేవాళ్లు లేకపోలేదు. కానీ నీటికి కొత్తవాళ్లకు, అందులోనూ ఇద్దరూ ఒకేసారి నేర్చుకోవాలనుకునే జంటకు, ఇసుక అడుగు, నడుము లోతు, దూరం నుంచి నిదానంగా వచ్చే అల కావాలి.

ఇండియాలో అలాంటి చోట్లు ఉన్నాయి. భార్యాభర్తలో, స్నేహితులో కలిసి నేర్చుకోవాలనుకుంటే చెప్పుకోవాల్సిన జంట కూడా ఇక్కడే ఉంది. ఇషితా మాలవీయ, తుషార్ పతియాన్ మణిపాల్‌లో చదువుకుంటూ జర్మనీ నుంచి వచ్చిన ఒక విద్యార్థి ద్వారా సర్ఫింగ్ సంగతి విన్నారు. ముల్కీలో అమెరికన్ సన్యాసి జాక్ హెబ్నర్ 2004లో పెట్టిన మంత్ర సర్ఫ్ క్లబ్‌కు వెళ్లి నేర్చుకున్నారు. మొదట్లో ఇద్దరికీ కలిపి ఒకటే బోర్డు. ఒకరు నీళ్లలో ఉంటే ఇంకొకరు ఒడ్డున కాపలా. 2007లో వాళ్లు మొదలుపెట్టిన శాకా సర్ఫ్ క్లబ్ కర్ణాటకలోని కోడి బెంగ్రె అనే మత్స్యకార గ్రామాన్ని సర్ఫింగ్ పటంలోకి ఎక్కించింది. ఇషిత దేశంలో తొలి మహిళా ప్రొఫెషనల్ సర్ఫర్‌గా పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆట పెరిగింది. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచారు.

మరి శ్రీలంక ఎందుకు? దూరం తక్కువ. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటా గంటన్నర. రాయ్‌పూర్ నుంచి చెన్నై చేరడానికి పట్టే సమయమే ఎక్కువ. అంతకంటే పెద్ద కారణం ఆ ద్వీపం ఉన్న చోటు. దక్షిణాన అంటార్కిటికా దాకా అడ్డు చెప్పే నేల లేదు. అక్కడెక్కడో దక్షిణ మహాసముద్రంలో తుపాను గాలులు రేపిన ఉబ్బు వేల కిలోమీటర్లు ప్రయాణించి, దారిలో చిల్లర అలలన్నీ రాలిపోగా, వరుసలు కట్టి వచ్చి ఈ తీరాన్ని తాకుతుంది. సర్ఫర్లకు కావాల్సింది అదే. ఎత్తు కాదు, వరుస.

గాలిది రెండో పాత్ర. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా నైరుతి తీరం, అంటే హిక్కడువ నుంచి మాతర వరకూ, అనుకూలం. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు ఆ తీరాన్ని కల్లోలం చేస్తాయి. అప్పుడు తూర్పున ఉన్న అరుగంబే వంతు. సెలవు దొరికింది కదా అని జూన్‌లో వెలిగమకు టికెట్ కొనుక్కునే జంట డబ్బు పెట్టి వాన చూసి వస్తుంది. ముందు నెల ఎంచుకోవాలి, ఆ తర్వాతే ఊరు.

కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి మాతర వైపు వెళ్లే రైలెక్కితే చాలు, కుడివైపు కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. కొన్నిచోట్ల పట్టాలకూ నీటికీ మధ్య రాళ్ల కట్ట తప్ప ఏమీ ఉండదు. వీపు సంచి ప్రయాణానికి పుట్టిన మార్గమిది. ఏ ఊళ్లో దిగినా బీచ్ నడక దూరమే. నచ్చకపోతే మర్నాడు మళ్లీ రైలు. రెండు పెట్టెలు, ఒక చేతిసంచి, మంచినీళ్ల కూజా అలవాటున్న మనవాళ్లకు ఇది కాస్త కష్టమే. తడిబట్టలు, పొడిబట్టలు అన్న రెండు విభాగాలు తప్ప సంచిలో మూడోదానికి చోటు పెట్టుకోకూడదు. బోర్డు మోసుకెళ్లాల్సిన పని లేదు, అక్కడే అద్దెకిస్తారు.

హిక్కడువకు ఇవతల పెరాలియా వస్తుంది. 2004 డిసెంబర్ 26న సునామీ ‘సముద్ర దేవి’ రైలును ముంచేసింది ఇక్కడే. సుమారు 1,700 మంది చనిపోయారు. ప్రపంచంలో ఇంత మందిని బలిగొన్న రైలు ప్రమాదం మరొకటి లేదు. మొదటి అల వచ్చి రైలు ఆగాక, ఊరివాళ్లు కూడా గట్టిగా ఉంటుందని ఆ పెట్టెల్లోకే ఎక్కారు. రెండో అల మిగిలింది తేల్చేసింది. ఇప్పుడక్కడ ఒక స్మారకం, కాస్త ఎడంగా సముద్రానికి ఎదురుగా నిలబడ్డ పెద్ద బుద్ధ విగ్రహం ఉన్నాయి. బోర్డు అద్దె బేరమాడబోయే ముందు ఈ స్టేషన్ దగ్గర దిగి చూడ్డం మంచిదే. అదే రోజున ఆంధ్రప్రదేశ్ తీరంలోనూ వంద మందికి పైగా చనిపోయారు. దాని ఫలితంగానే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. చిత్రమేమంటే అదీ సముద్రం లేని ఊరే. అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు దేశానికి అక్కడి నుంచే వెళ్తాయి.

వెలిగమ అంటే సింహళంలో ఇసుక ఊరు. పేరుకు తగ్గ అఖాతం. అర్ధచంద్రాకారంలో వంగిన తీరం, అడుగున రాయి లేని ఇసుక, దూరంలోనే విరిగి నురగై వచ్చే అలలు. పాఠం ఒడ్డున మొదలవుతుంది. ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తని ఫోమ్ బోర్డును ఇసుకలో పెట్టి దానిమీద బోర్లా పడుకోమంటారు. చేతులతో నీటిని వెనక్కి తోయడం, ఛాతీ దగ్గర అరచేతులు ఆనించి ఒక్క ఊపులో లేవడం, మోకాళ్లు వంచి పక్కకు తిరిగి నిలబడటం. ఎడమ కాలు ముందుకు వచ్చేవాళ్లు ఎక్కువ. కుడి కాలు ముందు పెట్టేవాళ్లను సర్ఫర్లు ‘గూఫీ’ అంటారు. తప్పేమీ కాదు, పుర్రచేతి వాటం లాంటిదే. ఒడ్డున పది నిమిషాల్లో వచ్చేసినట్టే ఉంటుంది. నీళ్లలో మాత్రం మొదటి గంటంతా పడటమే.

ఎలా పడాలో నేర్పడం పాఠంలో అసలు భాగం. తల ముందు పెట్టి దూకకూడదు. వీపు మీదో పక్కకో వాలాలి. పైకి తేలేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోవాలి, ఎందుకంటే వెనక కాలికి తాడుతో కట్టిన బోర్డు కూడా పైకే వస్తుంది. బోర్డును ఎప్పుడూ అలకూ ఒంటికీ మధ్య పెట్టుకోకూడదు. ఒక అలపై ఒక్కరే, విరిగే కొసకు దగ్గరున్నవాడిదే హక్కు అన్నది ప్రపంచమంతటా నడిచే కట్టుబాటు. రెండో రోజుకు చేతులు పైకి లేవవు. పక్కటెముకలు నొప్పి. మూడో రోజు ఎప్పుడో నురగ తోసుకొస్తుంటే రెండు సెకన్లు నిలబడతారు. ఆ రెండు సెకన్ల కోసమే జనం ఇంత దూరం వచ్చేది. మిరిస్స, మిడిగమ పక్కనే ఉన్నాయి, అక్కడి అలలు అందంగా ఉంటాయి. కానీ అడుగున పగడపు రాయి. వారం రోజుల విద్యార్థికి అది చూసి ఆనందించాల్సిన అందం.

ప్రాణం మీదికొచ్చేది అలతో కాదు. అలలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి వెళ్లాలి కదా, ఇసుక గట్ల మధ్య ఒక సన్నటి దారి చేసుకుని ఉరవడిగా వెనక్కి పోతుంది. ఆ దారిలో అలలు విరగవు. అందుకే ఒడ్డునుంచి చూస్తే చుట్టూ తెల్లటి నురగ మధ్య అక్కడ మాత్రం నల్లగా, ప్రశాంతంగా ఉంటుంది. చెరువు మనుషులు సరిగ్గా అక్కడే దిగుతారు. అది కిందికి లాగదు, లోపలికి మోసుకుపోతుంది. దానికి ఎదురీదినవాళ్లు అలిసిపోయి మునిగిపోతారు. తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ దారి దాటాక అలలతో పాటు తిరిగి రావాలి. ఇది విశాఖలోనూ అంతే, వెలిగమలోనూ అంతే. రాయ్‌పూర్‌లో బయల్దేరే ముందే ఇద్దరూ కొలనులో ఆగకుండా రెండు వందల మీటర్లు ఈదగలగాలని, పది నిమిషాలు ఏ ఆధారం లేకుండా తేలగలగాలని షరతు పెట్టుకుంటే మంచిది. ఒక్కరికే ఈత వస్తే ఆ ప్రయాణం ఇంకో ఆరు నెలలు వాయిదా వేసుకోవడం మేలు. ఇందులో బేరం లేదు. ఈత వచ్చిన భర్తే నేర్పేస్తాడన్న ఏర్పాటు మాత్రం అసలు పనికిరాదు. కారు నేర్పినప్పటి తగాదా కారుతో పోతుంది, ఇక్కడ అలా కాదు.

ఆడవాళ్ల బట్టల సంగతి మన ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న. నిజానికి సర్ఫింగ్‌లో ఒళ్లంతా కప్పుకోవడమే తెలివైన పని. ఎండకూ, బోర్డు ఒరుసుకుపోవడానికీ పొడుగు చేతుల రాష్ గార్డ్, కాళ్ల దాకా లెగ్గింగ్స్ వేసుకుంటారు, మగవాళ్లు కూడా. ఇబ్బంది బట్టల్లో లేదు, చూసే కళ్లలో ఉంది. శ్రీలంకలోనూ ఈ గొడవ నడిచింది. అరుగంబేలో మగపిల్లలు పుట్టుకతో అలలెక్కుతుంటే ఆడపిల్లలు ఒడ్డునే ఉండిపోయేవారు. వంట, పెళ్లి, నల్లబడతావన్న భయం. షమాలి సంజయ లాంటి స్థానిక మహిళలు పట్టుబట్టి 2018లో అరుగంబే గర్ల్స్ సర్ఫ్ క్లబ్ పెట్టారు. ఆ దేశంలో పూర్తిగా ఆడవాళ్లదైన తొలి సర్ఫ్ క్లబ్ అదే. తమిళ, సింహళ, ముస్లిం కుటుంబాల ఊళ్లు పక్కపక్కనే ఉన్న ఆ తీరంలో ఇది చిన్న విషయం కాదు.

ఆ దేశం తిన్న దెబ్బలు తక్కువేం కాదు. అంతర్యుద్ధం 2009లో ముగిసింది. 2019 ఈస్టర్ నాటి బాంబు పేలుళ్లు, 2022లో పెట్రోలు కూడా దొరకని ఆర్థిక పతనం, 2025 నవంబర్‌లో వందల మందిని పొట్టనబెట్టుకున్న దిత్వా తుపాను. ప్రతిసారీ మొదట ఖాళీ అయ్యేవి ఈ తీరపు గదులే. పెద్ద హోటళ్ల కంటే ఇంట్లోనే రెండు గదులు అద్దెకిచ్చే కుటుంబాల దగ్గర దిగితే ఖర్చు తగ్గుతుంది, డబ్బు ఊళ్లోనే ఉంటుంది. తిండికి మనవాళ్లు అవస్థ పడాల్సిన పని లేదు. పొద్దున్నే ఇడియాప్పం, అప్పం, పక్కన ఎండుమిర్చి దంచి కలిపిన పొల్ సంబోల్. అది మన కొబ్బరి పచ్చడికి దగ్గరి చుట్టమే, కాస్త కోపం ఎక్కువ.

చుట్టరికం పచ్చడితో ఆగదు. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన నాయక్కర్ రాజులకు మూలం మదురై నాయకుల తెలుగు సంబంధాలే. వారిలో చివరివాడు శ్రీ విక్రమ రాజసింహను బ్రిటిష్‌వారు వెల్లూరు కోటకు తరలించారు. 1832లో ఆయన అక్కడే చనిపోయారు. రాజులు పోయినా భాష పూర్తిగా పోలేదు. పాములాడించుకుంటూ, సోది చెప్పుకుంటూ ఊరూరా తిరిగిన అహికుంటికలు అనే సంచార జాతివారు ఇళ్లలో మాట్లాడుకునేది ఒక రకం తెలుగు. వారు స్థిరపడ్డ ఊళ్లలో ఒకటైన అలిగంబే, అరుగంబే ఉన్న అంపారా జిల్లాలోనే, అక్కరైపట్టు దగ్గర ఉంది. పొద్దున అలలు పట్టి మధ్యాహ్నం బస్సెక్కితే రాయ్‌పూర్ జంటకు అక్కడ సోదికీ, నీళ్లకూ మాట వెతుక్కోవాల్సిన పని ఉండకపోవచ్చు.